ఆన్‌లైన్‌లో నాటకం క్లాసా? చేరు చెల్లీ!

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో చేరిన మన ఆడపిల్లలు ఈమధ్య తరచూ అడుగుతున్నారు. "అక్కా, ఆర్ట్స్ కింద ఒక కోర్సు తీసుకోవాలట. ఇంట్రడక్షన్ టు థియేటర్ ఆన్‌లైన్‌లో ఉంది, మూడు క్రెడిట్లు. తేలికేనా?" అని.

చేరు తల్లీ. కానీ తేలికని మాత్రం చేరకు. నేనూ పిల్లలు పడుకున్నాక వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరుచుకుని ఈ కోర్సు చదివినదాన్నే. అప్పుడు చదివిన నాటకాల మీద మమకారం ఇప్పటికీ పోలేదు. ఆ చనువుతోనే చెబుతున్నా.

ఇది నటన నేర్పే క్లాసు కాదు. కొన్ని కాలేజీల్లో దీన్నే థియేటర్ అప్రీసియేషన్ అంటారు. దర్శకుడు ఏం చేస్తాడు, స్టేజ్ మేనేజర్ ఏం చూసుకుంటాడు, లైట్లు, సెట్టు, దుస్తుల వెనక ఎంత ఆలోచన ఉంటుంది, ఇవీ పాఠాలు. సోఫోక్లిస్ 'ఈడిపస్', ఇబ్సెన్ 'ఎ డాల్స్ హౌస్', లొరైన్ హాన్స్‌బెర్రీ 'ఎ రైజిన్ ఇన్ ద సన్' లాంటివి చదివిస్తారు. వారం వారం చర్చలో రాయాలి, తోటివాళ్ళు రాసినదానికి బదులివ్వాలి, నాటకం చూసి సమీక్ష రాయాలి.

ఎఫ్-1 వీసా మీద ఉన్న చెల్లెళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఒక సెమిస్టర్‌లో ఫుల్ టైమ్ లెక్కలోకి వచ్చేది ఒక్క ఆన్‌లైన్ క్లాసే, అంటే మూడు క్రెడిట్లే. చేరేముందే ఇంటర్నేషనల్ ఆఫీసులో కనుక్కోండి. హెచ్-4 వాళ్ళకి ఈ చిక్కు లేదు. తర్వాత యూనివర్సిటీకి మారే ఉద్దేశం ఉంటే, ఈ క్రెడిట్లు అక్కడ చెల్లుతాయో లేదో అడ్వైజర్‌ని ఈమెయిల్‌లోనే అడగండి, జవాబు మీ దగ్గరుంటుంది.

ఇక అసలు మాట. నాటకాన్ని నవల చదివినట్టు చదవకు. గొంతు విప్పి చదువు.

సుసాన్ గ్లాస్పెల్ రాసిన 'ట్రైఫిల్స్' అని ఒకే అంకం ఉన్న చిన్న నాటకం ఉంది. 1916లో మసాచుసెట్స్‌లోని ప్రావిన్స్‌టౌన్‌లో మొదటిసారి ఆడారు. ఆవిడ అయోవాలో విలేఖరిగా పనిచేస్తున్నప్పుడు వార్తలు రాసిన ఒక హత్య కేసే దానికి మూలం. ఒక రైతు హత్యకు గురయ్యాడు, భార్య జైల్లో ఉంది. ఆధారాల కోసం షెరీఫూ లాయరూ పై గదీ కొట్టమూ గాలిస్తుంటారు. వాళ్ళతో వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు వంటింట్లో ఉండిపోతారు. వంటింట్లో ఏముంటుందిలే అని మగవాళ్ళ ధీమా. ఈ ఇద్దరికీ ఆ ఇల్లాలు కుడుతున్న బొంత ముక్కలు కనబడతాయి. కుట్టంతా పొందిగ్గా ఉంది, ఒక్కచోట మాత్రం చిందరవందర. వాళ్ళలో ఒకావిడ, మిసెస్ హేల్, ఆ వంకర కుట్లు విప్పేసి, సూదిలో దారం ఎక్కించి, తిన్నగా కుట్టడం మొదలుపెడుతుంది. రెండో ఆవిడ కంగారుపడుతుంది.

కళ్ళతో చదువుకుంటూ పోతే ఈ చోటు రెండు క్షణాల్లో దాటిపోతుంది. నేను ఒక పాత జాకెట్టు ముక్క పట్టుకుని, నిజంగానే కుట్లు విప్పుతూ ఆ మాటలు పైకి చదివాను. ఎంతసేపు పట్టిందో! ఒక్కో కుట్టూ ఊడుతుంటే ఒక ఆధారం చెరిగిపోతోందన్నమాట. తను ఎవరి పక్షమో ఆవిడ నోటితో చెప్పలేదు, చేతులు చెప్పేశాయి. మిసెస్ హేల్ వేషం మొదట వేసింది గ్లాస్పెల్లే అని తెలిశాక ఆ సన్నివేశం మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

కొందరు ప్రొఫెసర్లు చిన్న మోనోలాగ్ రికార్డు చేసి పంపమంటారు. కిటికీ నీ ఎదురుగా ఉండాలి, వెనక ఉంటే మొహం నల్లగా పడుతుంది. ఫోను కళ్ళ ఎత్తున నిలబెట్టుకో. మన యాస గురించి బెంగపడకు. ఎదుటి మనిషి దగ్గర నుంచి నీకేం కావాలో తెలిసి అడిగితే, ఏ యాసలోనైనా అది వినేవాళ్ళకి అందుతుంది.

చర్చల్లో మన నాటకాల గురించి కూడా చెప్పు. నోరా ఇల్లు విడిచి వెళ్ళిన 'ఎ డాల్స్ హౌస్' 1879 నాటిది. ఆ తర్వాత 13 ఏళ్ళకే, 1892లో, ఆడపిల్లల్ని ముసలివాళ్ళకి అమ్ముకునే దురాచారం మీద గురజాడ 'కన్యాశుల్కం' విజయనగరంలో ప్రదర్శించారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైన సురభి వాళ్ళు తరతరాలుగా ఇంటిల్లిపాదీ నాటకమే బతుకుగా ఉన్నారు. నీ తోటి విద్యార్థుల్లో చాలామందికి ఇది తెలిసే దారి లేదు. నువ్వు చెబితేనే తెలుస్తుంది.

సమీక్షకి రికార్డింగ్ చాలని సిలబస్‌లో ఉన్నా, ఒక్క నాటకమైనా వెళ్ళి చూడు, నా మాట విను. లండన్ నేషనల్ థియేటర్ వాళ్ళు 2009 నుంచి నాటకాల్ని సినిమా హాళ్ళకి ప్రసారం చేస్తున్నారు, చాలా బాగుంటాయి. అయినా అక్కడ కెమెరా చూపించిందే మనం చూడాలి. హాల్లో కూర్చుంటే మిసెస్ హేల్ చేతుల్ని చూడాలా, పక్కావిడ మొహం చూడాలా అన్నది నీ ఇష్టం. ఈ కోర్సు ఆన్‌లైన్‌లో ఇవ్వలేనిది అదొక్కటే, అది నువ్వే వెళ్ళి తెచ్చుకోవాలి. కాలేజీ డ్రామా విభాగం వాళ్ళ నాటకాలకి విద్యార్థులకి టికెట్టు చవగ్గా ఉంటుంది, కొన్నిచోట్ల ఉచితం.

మీ ఊళ్ళో తెలుగు సంఘం వాళ్ళు నాటకం వేస్తుంటే, దాని మీద సమీక్ష రాయొచ్చా అని ప్రొఫెసర్‌కి ముందే ఈమెయిల్ పెట్టు. ఒప్పుకుంటే కథ రాసి ఊరుకోకు. ఆట అయ్యాక తెర వెనక్కి వెళ్ళు. సెట్టు ఎవరు కట్టారు, లైట్లు ఎవరు చూశారు, ఆ చీర ఆ పాత్రకి ఎందుకు ఎంచారు, అన్నీ అడుగు. ఆఫీసు పనులు ముగించుకుని రాత్రిళ్ళు రిహార్సల్స్ చేసినవాళ్ళు వాళ్ళు. అడిగితే ఎంత సంతోషంగా చెబుతారో చూడు.