షుగరు ఉన్నవారు డ్రైఫ్రూట్స్ తినవచ్చా?

"హకీం సాబ్, స్వీట్లు పూర్తిగా మానేశాను. సాయంత్రం ఆకలేస్తే డ్రైఫ్రూట్స్ తప్ప ఇంకేమీ ముట్టను" అని మా దవాఖానాకు వచ్చే షుగరు పేషెంట్లలో చాలామంది చెబుతుంటారు. గట్టిగా పథ్యం చేస్తున్నామన్న తృప్తి వారి ముఖంలో కనబడుతుంది. నేను అడిగేది ఒకటే: ఆ డబ్బాలో ఏమేమి ఉన్నాయి?

మన ఇళ్ళలో డ్రైఫ్రూట్స్ అనే ఒకే మాట కింద రెండు వేరు రకాలను కలిపేస్తాము. బాదం, అక్రోట్, పిస్తా గింజలు. ఖర్జూరం, కిస్మిస్, అంజీర్, ఖుబానీ ఎండబెట్టిన పళ్ళు. పండు ఎండితే నీరు పోతుంది, తీపి మాత్రం అందులోనే ఉండిపోతుంది. 100 గ్రాముల పచ్చి ద్రాక్షలో పిండిపదార్థం సుమారు 18 గ్రాములు. అదే 100 గ్రాముల కిస్మిస్‌లో దాదాపు 79 గ్రాములు! గిన్నెడు ద్రాక్ష తింటే కడుపు నిండుతుంది. గుప్పెడు కిస్మిస్ మాటల్లోనే అయిపోతుంది.

కొన్నేళ్ళ కిందట ఒక పెద్దాయనకు ఎన్ని మందులు మార్చినా షుగరు దిగలేదు. మందు మోతాదు పెంచాలా అని ఆలోచిస్తుండగా, వెంట వచ్చిన కోడలు చెప్పింది: కొడుకు గల్ఫ్ నుంచి పంపిన ఖర్జూరాలు రోజూ ఏడెనిమిది తింటున్నారట. తప్పు నాది. "తీపి మానండి" అన్నానే గాని ఖర్జూరం పేరు చెప్పలేదు. ఆయన దృష్టిలో అది తీపి కాదు, బరకత్ గల పండు. ఆనాటి నుంచి నేను ప్రతి ఒక్కరినీ పేరు పేరునా అడుగుతాను.

పెద్ద రకం మెజ్దూల్ ఖర్జూరం ఒకటి సుమారు 24 గ్రాములు ఉంటుంది. అందులో పిండిపదార్థం సుమారు 18 గ్రాములు, అంటే నాలుగు టీ చెంచాల చక్కెరతో సమానం. పీచు ఉండడం వల్ల చక్కెరంత వేగంగా రక్తంలోకి ఎక్కదన్నది నిజమే, కాని ఎనిమిది తింటే పీచు ఏం చేయగలదు? రంజాన్‌లో ఇఫ్తార్‌కు డాక్టరు సలహాతో రోజా ఉండేవారు ఒక చిన్న ఖర్జూరంతో విప్పి, నీళ్ళు తాగండి. అదే పళ్ళెంలో షర్బత్, జిలేబీ కూడా ఉంటే ఆ ఒక్కటి పాటించి లాభం లేదు.

అంజీర్ రాత్రి నానబెట్టి తింటే షుగరు పెరగదని కొందరి నమ్మకం. నానితే మెత్తబడుతుంది, మలబద్ధకానికి మంచిది. తీపి కొంత నీళ్ళలోకి దిగుతుంది, ఆ నీళ్ళూ తాగేస్తారు కదా! మిజాజ్ గరమా, సర్దా అన్నది వేరు, తీపి లెక్క వేరు. మా ఇలాజ్ బిల్ గిజాలో, అంటే ఆహారంతో చేసే చికిత్సలో, మోతాదు కూడా మందులో భాగమే.

మరి సాయంత్రం ఏం తినాలి? ఉప్పు వేయని బాదం పది, లేక అక్రోట్ రెండు మూడు. వీటిలో తీపి తక్కువ, కాని 100 గ్రాముల బాదంలో దాదాపు 580 కేలరీలు ఉంటాయి, కనుక డబ్బా ముందు పెట్టుకుని కూర్చోవద్దు. అంజీర్ మీద మనసుంటే ఒకటి తినండి, ఆ పూట రొట్టె కొంచెం తగ్గించండి. తినే ముందు, తిన్న రెండు గంటలకు గ్లూకోమీటరుతో చూసి నోటు బుక్కులో రాయండి. నా మాటకంటే ఆ అంకెలే మీకు బాగా చెబుతాయి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా ఖర్జూరం, ఖుబానీ ముట్టవద్దు, వాటిలో పొటాషియం ఎక్కువ.

మా వైద్యం గురించి కూడా చెప్పాలి. ఖమీరాలు, మాజూన్‌లు, జవారిష్‌లు సాధారణంగా చక్కెర పాకంలోనో, తేనెలోనో కలిపి చేస్తారు. బలానికని కొని తినే ముందు మీకు షుగరు ఉందని హకీముకు తప్పక చెప్పండి. వేసుకుంటున్న ఇంగ్లీషు మందులను సొంతంగా ఆపవద్దు.

ఒకవేళ చెమటలు, వణుకు వచ్చి షుగరు 70 కంటే దిగితే అది బాదం తినే సమయం కాదు, అందులోని కొవ్వు ఆలస్యం చేస్తుంది. వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్ళీ పరీక్షించండి. రోజాలో ఉన్నా సరే, అప్పుడు రోజా విప్పవలసిందే.