అగ్నికి అగ్నియే యడ్డు

మన యనంతపుర సీమలో ఏటి వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లే. మాఘమాసమునాటికే కొండలమీది బోదగడ్డి యెండిపోవును. లేతచిగుళ్ల నాశించి కొందఱు దానికి నిప్పు పెట్టుదురు. వాన లేనిచో చిగురు నిలువదు, చిన్నమొక్కలు మాడును, గుడిసెకప్పునకు గడ్డియు దక్కదు, తొలివానకు మన్ను కొట్టుకొనిపోవును.

దీనికి విరుగుడు అగ్నిరేఖ. ఎండలు ముదురకమునుపే, గాలి లేని వేళ, అడవియంచున సన్నని పట్టీగా గడ్డి కోసి, పచ్చికొమ్మలతో మనుష్యులు కావలియుండగా కాల్చివేయుదురు. వేసవిమంట అచ్చటికి వచ్చి, మేత లేక యాగిపోవును.

1967 నాటి అటవీచట్టము ననుసరించి రిజర్వు అడవిలో ఇతరులు నిప్పు పెట్టుట నేరము. కావున ఈ పని అటవీశాఖవారిదే. మన పని యొక్కటి: కొండపై పొగ కనబడినతోడనే పెద్దలకు తెలుపుదము.