ఆ మాట అంటున్నదెవరు?



బిడ్డా, గైడు బట్టీపడితే మార్కులు వస్తున్నాయి గానీ కవిత మాత్రం మనసుకెక్కడం లేదని రాశావు. సంగారెడ్డిలో కూర్చుని రెండు వందల ఏళ్ల కిందటి లండన్ కవితను ఎట్లా అర్థం చేసుకోవాలన్నది నీ బెంగ. గైడు పక్కన పెట్టి, కవితను రెండు మూడుసార్లు పైకి చదువు. తర్వాత ఒక్కటే ప్రశ్న వేసుకో: ఈ మాట అంటున్నదెవరు?

విలియం బ్లేక్ 1789లో అచ్చువేసిన 'ది చిమ్నీ స్వీపర్' తీసుకో. పొగగొట్టాల్లో దూరి మసి దులిపే పిల్లాడు చెబుతున్నాడు. తల్లి పోయింది. మాటలు సరిగా రాని వయసులోనే తండ్రి అమ్మేశాడు. తోటి పిల్లాడు టామ్, గుండు కొట్టించారని ఏడుస్తుంటే, జుట్టు లేకపోతే మసి అంటదులే అని ఓదారుస్తాడు. ఆ రాత్రి టామ్‌కు కల వస్తుంది. నల్లటి శవపేటికల్లో బిగించిన వేలమంది పిల్లల్ని దేవదూత విడిపిస్తాడు. తీరా ఇంకా తెల్లవారకముందే లేచి, సంచులూ చీపుర్లూ పట్టుకుని అదే పనికి పోతారు. ఎవరి పని వాళ్లు చేసుకుంటే ఏ కీడూ రాదన్న మాటతో కవిత ముగుస్తుంది.

ఇదే కవి సందేశమని రాసే గైడు తప్పు చెబుతున్నట్టే. అది పెద్దలు పిల్లాడికి నూరిపోసిన మాట. వాడు అంతకుముందు చెప్పిందంతా దానికి ఎదురు సాక్ష్యమే. కన్నతండ్రే తన పని చేయలేదు కదా! ఎనిమిదేళ్లలోపు పిల్లల్ని ఈ పనిలో పెట్టకూడదని 1788లోనే పార్లమెంటు చట్టం చేసింది, అమలు చేసే దిక్కు లేకపోయింది. 1875 చట్టం వచ్చాక గానీ ఈ ఘోరం ఆగలేదు. 1794లో బ్లేక్ ఇదే పేరుతో ఇంకో కవిత వేశాడు. అందులో పిల్లాడికి అన్నీ తెలుసు, కన్నవాళ్లనూ వదలడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు.

ఇప్పుడు మన సంగారెడ్డి జిల్లా వైపు చూడు. 2025 జూన్ 30న ఇక్కడి పాశమైలారం ఫ్యాక్టరీ పేలుడులో నలభై మందికి పైగా చనిపోయారు. చాలామంది పరాయి రాష్ట్రాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. వాళ్లు తమ పని తాము చేసుకుంటూనే ఉన్నారు. అది చూసిన నీకు బ్లేక్ ముగింపు మీద అనుమానం రావడం సహజం, రావాలి కూడా. అయితే ఒక జాగ్రత్త. పాశమైలారం గురించి పేజీ నింపితే బ్లేక్‌ను వివరించినట్టు కాదు. మన చోటు నీలో ప్రశ్న పుట్టించవచ్చు, జవాబు మాత్రం ఆ కవిత పాదాల్లోంచే చూపించాలి.

నాటకంలో రచయిత తన నోటితో మాట్లాడడు కాబట్టి 'ఈ మాట అంటున్నదెవరు' అన్న ప్రశ్న అక్కడ మరీ అవసరం. షేక్‌స్పియర్ 'కొరియొలేనస్' మొదటి రంగంలో ఆకలితో ఉన్న రోము జనం కర్రలు పట్టుకుని వస్తారు. మెనీనియస్ అనే పెద్దమనిషి వాళ్లకు కడుపు మీద అవయవాలు తిరగబడిన కథ చెబుతాడు. కడుపు అన్నీ తానే తీసుకున్నా ఒంటికంతా పంచుతుందట! కథ బాగుంది, కానీ దానితో ఒక్క గింజ కూడా రాలలేదు.

ఈ వారం ఆ ఒక్క రంగం చదువు. ప్రతి మాట పక్కన పెన్సిల్‌తో ఎవరు, ఎవరితో, ఏం ఆశించి అంటున్నారో రాసుకో. నీకు తోచిన అర్థం నీ మాటల్లో రాసి నాకు పంపు. తప్పైనా పర్వాలేదు, గైడులోది మాత్రం పంపకు.