చదువురాని తల్లి కూడా చదివించగలదు



మన సొసైటీ తరఫున ఏటా బడులు తెరిచేనాటికి నోటు పుస్తకాలు, బ్యాగులు పంచుతున్నాం. అల్‌హమ్దులిల్లాహ్, పుస్తకం లేక చదువు ఆగిన పిల్లలు మా బడిలో ఇప్పుడు కనబడరు. ఐదో తరగతికి వచ్చినా తెలుగు వాచకంలో ఒక పేరా తడుముకోకుండా చదవలేని పిల్లలు మాత్రం ప్రతి ఏడూ ఉంటున్నారు. వాళ్ళ ఇళ్ళకు వెళితే ఒకటే మాట: "మాకు చదువు రాదు మేడమ్, మేమేం చూస్తాం? అంతా మీదే భారం." ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, ఇంగ్లీషు. తల్లి జంకడంలో వింత లేదు.

నా తప్పూ ఉంది. ఇరవై ఏళ్ళకు పైగా డైరీలో తెలుగులో నాలుగు ముక్కలు రాసి పంపి, మర్నాడు సంతకం లేదని పిల్లల్ని మందలించాను. అది ఇంట్లో ఎవరు చదువుతారని ఆలోచించలేదు.

ఒకరోజు మగ్రిబ్ తర్వాత ఒక ఇంటికి వెళ్ళాను. తల్లి మిర్చి తొడిమలు తీసే పని నుంచి అప్పుడే వచ్చి రొట్టెలు చేస్తోంది. పక్కన కూతురు మక్తబ్‌లో ఇచ్చిన సబఖ్ అప్పజెబుతోంది. తల్లి రెండుసార్లు ఆపి, "మళ్ళీ చదువు" అంది. ఆమెకు అరబీ అక్షరాలు రావట. బిడ్డ గొంతు ఎక్కడ తడబడిందో తెలుస్తుందట! సబఖ్ అయ్యాక తెలుగు వాచకం కూడా రోజుకో పేజీ ఇలాగే వినమన్నాను. విన్నాక ఆ కథ ఉర్దూలో చెప్పించుకోమన్నాను. అర్థమైతేనే కదా పిల్ల చెప్పగలిగేది. సంక్రాంతి సెలవుల నాటికి ఆ పాప తరగతిలో లేచి నిలబడి చదివింది. గుణింతాల తప్పులు లేవని అనను.

బద్ర్ ఖైదీల్లో డబ్బు కట్టలేనివారు పదేసి మంది మదీనా పిల్లలకు రాత నేర్పితే అదే విడుదల మూల్యమని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) నిర్ణయించినట్టు సీరత్ గ్రంథాల్లో చదువుకున్నాం. ధనానికి బదులు పిల్లల పక్కన కూర్చునే సమయం తీసుకున్నారు. మన తల్లిదండ్రులకు కరువైంది ఆ సమయమే.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, మొత్తం మీద సగం మంది స్త్రీలు ఉండాలి. కాగితం మీద ఉన్నారు. పగలు పదకొండుకు సమావేశం పెడితే వచ్చేది ఇద్దరో ముగ్గురో. వస్తే ఆ పూట కూలి పోతుంది మరి.

ఈ సంచిక చదివేవారిలో దుకాణాలు, గోదాములు, వర్క్‌షాపులు నడిపేవారు చాలామంది. మా పిల్లల తల్లిదండ్రులు పనిచేసేది ఎక్కువగా మీ దగ్గరే. ఈ ఏడు బ్యాగులతో పాటు ఇంకొకటి అడుగుతున్నాను. బడి సమావేశం రోజున వాళ్ళను కూలి కోయకుండా రెండు గంటలు పంపండి. తేదీ వారం ముందే మీకు చేరవేసే పూచీ నాది.