మరచిపోయే మనిషికి మరచిపోని తోడు

ఏకాగ్రత విద్యార్థికి ఊపిరి వంటిదని పెద్దలంటారు. అది కుదరనివాడిని చూస్తే బద్ధకస్తుడనీ, బాధ్యత లేనివాడనీ ముద్ర వేస్తారు. కాని మనస్సు ఒకచోట నిలవకపోవడం కొందరి విషయంలో గుణదోషం కాదు, మెదడు పనిచేసే తీరులో ఉన్న తేడా. దీనినే వైద్యులు ఎ.డి.హెచ్.డి. అంటారు. అవధాన లోపంతోనో, అతి చలనంతోనో, రెండింటితోనో కూడిన స్థితి అని తెలుగులో చెప్పుకోవచ్చు. పిల్లల జబ్బుగా పేరుపడిన ఇది చాలామందిలో పెద్దయ్యాక కూడా కొనసాగుతుంది. అలాంటివారికి ఇప్పుడు దాదాపు ప్రతి జేబులోనూ ఉన్న సెల్‌ఫోను ఏ విధంగా ఆసరా కాగలదు? వారికోసం ఒక యాప్ తయారు చేయాలంటే ఏ సంగతులు మనసులో పెట్టుకోవాలి? ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

కొంచెం చరిత్ర

ఇది సెల్‌ఫోన్ల వల్ల పుట్టిన కొత్త జబ్బేమీ కాదు. 1798లోనే అలెగ్జాండర్ క్రైటన్ అనే స్కాట్లండు వైద్యుడు, ఏ విషయం మీదా మనసు నిలపలేని స్థితిని తన గ్రంథంలో వర్ణించాడు. 1902లో లండనులో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు, తెలివితేటలు ఉండి కూడా తమను తాము అదుపు చేసుకోలేని పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చాడు. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ, ఉత్తేజకర మందు ఇస్తే అలాంటి పిల్లలు కొందరు నెమ్మదించి చదువు మీద దృష్టి పెట్టడం గమనించాడు.

అమెరికా మానసిక వైద్యుల సంఘం 1968లో దీనిని బాల్యానికి చెందిన అతి చలనంగానే లెక్కించింది. 1980లో అవధాన లోపానికి మొదటి స్థానం ఇచ్చారు. 1987లో ఇప్పటి పేరు వచ్చింది. 2013 నాటి నిర్వచనం ప్రకారం, 17 ఏళ్ళు దాటినవారికి ఒక్కొక్క జాబితాలోని తొమ్మిది లక్షణాలలో ఐదు ఉంటే చాలు. అయితే వాటిలో కొన్ని పన్నెండేళ్ళ లోపే కనబడి ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్వేల ఆధారంగా 2017లో వెలువడిన లెక్క ప్రకారం, 20 దేశాల పెద్దవారిలో ఇది సగటున 2.8 శాతం. అంటే వందమంది కూర్చున్న తరగతిలో ఇద్దరో ముగ్గురో ఉండవచ్చు.

అసలు చిక్కు ఎక్కడ?

“సినిమా అయితే మూడు గంటలు కదలకుండా చూస్తాడు, పుస్తకం పడితే పది నిమిషాలు కూర్చోడు. ఇది జబ్బా, వేషమా?” అని అడిగేవారున్నారు. ప్రశ్న సబబైనదే. అవధానం బొత్తిగా లేకపోవడం కాదు ఇది. దాన్ని కావలసినప్పుడు కావలసిన చోటికి తిప్పుకునే పట్టు లేకపోవడం. నచ్చిన పని, కొత్త పని, వెంటనే ఫలితమిచ్చే పని మనసును తనంతట తానే లాక్కుంటుంది. ఫలితం ఎప్పుడో వచ్చే పని దగ్గరే చిక్కంతా.

బావిలో నీళ్ళున్నాయి, కరెంటు ఉంది, మోటారు బాగానే ఉంది, స్టార్టరు మాత్రం పట్టడం లేదనుకోండి. మడి తడవదు. మోటారును తిట్టి ఏం లాభం? రసెల్ బార్క్లీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త చాలాకాలంగా చెబుతూ వచ్చిన సంగతి ఇదే: వీరికి ఏం చేయాలో తెలుసు, తెలిసినదాన్ని ఆ సమయానికి చేతల్లో పెట్టడమే కష్టం.

మూడు సంగతులు ముఖ్యంగా దెబ్బతింటాయి. ఒకటి, పని మొదలుపెట్టడం. రెండు, కాలం ఎంత గడిచిందో అంచనా. మూడు, ధారణ. అష్టావధాని ఎనిమిది మంది పృచ్ఛకులు అడిగినవన్నీ మనసులో నిలుపుకుంటాడు. వీరికి వంటింట్లోంచి హాల్లోకి వచ్చేసరికి వచ్చిన పని జారిపోతుంది.

పిల్లవాడికైతే అమ్మ గుర్తుచేస్తుంది, పంతులుగారు అడుగుతారు. పెద్దవాడికి గుర్తుచేసేవారెవరు? ఫీజు గడువు, పరీక్ష దరఖాస్తు, కరెంటు బిల్లు, ఇంట్లో పెద్దవాళ్ళ మందులు, అన్నీ తానే చూసుకోవాలి. పంట రుణం సంగతే తీసుకోండి. కేంద్రం వడ్డీ రాయితీ పథకం కింద 7 శాతం వడ్డీకి అప్పు దొరుకుతుంది. గడువులోగా కట్టినవారికి మరో 3 శాతం తగ్గుతుంది. లక్ష రూపాయలు తీసుకున్న రైతు, చేతిలో డబ్బుండి కూడా, బ్యాంకుకు రేపు పోదాంలే అనుకుంటూ తేదీ దాటేస్తే ఏడాదికి 3 వేల రాయితీ పోతుంది. డబ్బుతోపాటు ఇంట్లో పరువూ పోతుంది. రెండో నష్టాన్ని ఏ పథకమూ పూడ్చలేదు.

యాప్ ఎట్లా ఉండాలి?

పనుల జాబితాలు రాసుకునే యాప్‌లు ఇప్పటికే కొల్లలుగా ఉన్నాయి. వాటితో వచ్చిన చిక్కేమిటంటే, జాబితా తెరిచి చూడాలన్న సంగతి గుర్తుండాలి కదా! ఏ శక్తి తక్కువై మనిషి ఆసరా కోరుతున్నాడో, అదే శక్తిని యాప్ ముందుగా అడుగుతోంది. కుంటివాడిని ఊతకర్ర కోసం మేడ ఎక్కి రమ్మన్నట్టుంది ఇది. కాబట్టి మొదటి సూత్రం: మనిషి యాప్ దగ్గరికి వెళ్ళడం కాదు, యాప్ మనిషి దగ్గరికి రావాలి. ఫోను తెరవగానే ముందు తెర మీదే ఈ పూట పని కనబడాలి. రోజూ మోగే పొద్దుటి అలారంతో దాన్ని జతచేయాలి.

రెండవది, తెర మీద ఒక్క పనే ఉండాలి. ఇరవై పనులు ఒకేసారి చూపిస్తే, ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకోలేక మనిషి ఫోను పక్కన పెట్టేస్తాడు. ఆ ఒక్క పని కూడా చిన్న ముక్కగా ఉండాలి. “ప్రాక్టికల్ రికార్డు పూర్తి చెయ్యి” అంటే కొండంత కనిపిస్తుంది. “రికార్డు పుస్తకం తీసి బల్ల మీద పెట్టు” అంటే చెయ్యి కదులుతుంది. చెయ్యి కదిలితే స్టార్టరు పట్టినట్టే.

మూడవది, కాలం కంటికి కనబడాలి. 5.40 అన్న అంకెను చూస్తే ఇంకా ఎంత ఉందో వీరికి తట్టదు. నిండు వృత్తం కొద్దికొద్దిగా తరిగిపోతూ కనిపిస్తే మిగిలిన కాలం ఇట్టే తెలుస్తుంది.

నాల్గవది, పని ఎక్కించడం తేలికగా ఉండాలి. ఆలోచన వచ్చిన క్షణంలోనే పట్టుకోవాలి, లేకపోతే పోయినట్టే. ఒక్క మీట నొక్కి తెలుగులో నోటితో చెబితే చాలు, అది నమోదు కావాలి. తేదీ, విభాగం, ప్రాధాన్యం అంటూ అప్పుడే దరఖాస్తు నింపించకూడదు.

ఐదవది అన్నిటికన్నా ముఖ్యం. ఈ యాప్‌ను కూడా మనిషి ఒకనాడు మరచిపోతాడని ముందే ఒప్పుకొని తయారుచేయాలి. చాలా యాప్‌లు వరుసగా ఎన్ని రోజులు వాడామో లెక్క చూపిస్తాయి. ఒక్కరోజు తప్పితే లెక్క సున్నాకు పడిపోతుంది. పుట్టినప్పటినుంచీ “మళ్ళీ మరిచావా?” అనిపించుకున్న మనిషికి ఆ సున్నా మరో తిట్టు. పది రోజుల తర్వాత తెరిస్తే ఎర్ర అక్షరాల్లో “43 పనులు మిగిలాయి” అని కనిపిస్తే, అతడిక దాన్ని తెరవడు. దానికి బదులు, పాతవన్నీ మెల్లగా పక్కన పెట్టి “వచ్చారు, సంతోషం. ఈ రోజుకు ఒక్కటి చూద్దామా?” అనాలి. తప్పిపోయిన రోజుల్ని లెక్కపెట్టడం కాదు, తిరిగి వచ్చిన రోజును గౌరవించడం దాని పని.

యంత్రంతో వచ్చే చిక్కులు

ఆలోచన మంచిదైనా అలారం మోగకపోతే అంతా వృథా. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి, ఫోను కదలకుండా పడి ఉంటే బ్యాటరీ ఆదా కోసం యాప్‌లను నిద్రపుచ్చుతుంది. సాధారణ పద్ధతిలో పెట్టిన అలారం ఆలస్యం కావచ్చు. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి, సందేశాలు చూపడానికి వాడేవారి అనుమతి తీసుకోవాలి. ఫోను ఆపి మళ్ళీ వేస్తే పెట్టిన అలారాలు చెరిగిపోతాయి, యాప్ వాటిని మళ్ళీ నమోదు చేసుకోవాలి. ఇవన్నీ తయారుచేసేవారే చూసుకోవాలి గాని వాడేవారి నెత్తిన పెట్టకూడదు. ప్రకటనలు అసలే వద్దు. మనసు చెదిరేవాడి చేతికి ఇచ్చే సాధనంలో మనసు చెదరగొట్టే బొమ్మలా?

గోప్యత మరొకటి. ఎవరు ఏం మరిచారు, ఏ మందు వేసుకున్నారు అన్నది ఇంటి గుట్టు వంటిది. మన దేశంలో 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. చట్టం సంగతి అటుంచి, సమాచారమంతా ఆ ఫోనులోనే ఉంచి బయటికి పంపకపోవడం ఉత్తమం.

ఊతకర్ర, వైద్యం కాదు

యాప్ వైద్యానికి బదులు కాదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో పిల్లల కోసం ఒక వీడియో ఆటను చికిత్సగా అనుమతించిన మాట నిజమే. అది వేరు, మనం చెప్పుకునే ఆసరా యాప్ వేరు. జబ్బును నిర్ధారించవలసింది మానసిక వైద్యుడే. మిథైల్‌ఫెనిడేట్, ఎటమాక్సెటీన్ వంటి మందులు వైద్యుని చీటీ మీదనే వాడాలి. ఎవరిని అడగాలో తెలియనివారు 2022లో ప్రారంభమైన ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చు. దానికి రుసుము లేదు. అప్పుడప్పుడు పరధ్యానం అందరికీ ఉంటుంది. జీవితమంతా వెంటాడి, చదువునూ ఉద్యోగాన్నీ సంసారాన్నీ దెబ్బతీస్తుంటేనే దాన్ని జబ్బుగా చూడాలి.

మనమేం చేయవచ్చు?

ఇలాంటి యాప్‌కు పెద్ద కంపెనీయే కావాలని లేదు. కంప్యూటరు సైన్సు విద్యార్థులు, మనస్తత్వ శాస్త్ర విద్యార్థులు కలిసి ఒక ప్రాజెక్టుగా మొదలుపెట్టవచ్చు. ఎ.డి.హెచ్.డి. ఉన్న పెద్దవారినే మొదటి రోజునుంచి పక్కన కూర్చోబెట్టుకోవాలి, వారి మాటే కొలబద్ద కావాలి. యాప్‌లో ఎంతసేపు గడిపారన్నది విజయం కాదు, యాప్ మూసి ఎన్ని పనులు మొదలుపెట్టారన్నదే విజయం.

యాప్ తయారు కావడానికి నెలలు పట్టవచ్చు. అందాకా మనం చేయగలిగింది మరొకటుంది. పక్క బెంచీలో ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే మిత్రుణ్ణి “బద్ధకం” అని వెక్కిరించే ముందు, “కలిసి మొదలుపెడదామా?” అని అడగడం. పక్కన ఒక మనిషి కూర్చుంటే చాలు, పని మొదలుపెట్టగలిగేవారు వారిలో ఎందరో ఉన్నారు.