ముందు రోగి, తర్వాత పేపరు

అనకాపల్లి నుంచి అచ్యుతాపురం వెళ్లే దారిలో ఉంటుంది మా మునగపాక. ఇక్కడ వైద్యం చేస్తూనే తల నెరిసింది. చుట్టుపక్కల పీహెచ్‌సీలకు కొత్తగా వచ్చే డాక్టర్లు నన్ను కలిసినప్పుడు ఒకటే అడుగుతుంటారు: “ఈ ఓపీ రద్దీలో రీసెర్చి పేపర్లు చదవడం అయ్యే పనేనా సార్?” అవుతుంది. వచ్చినవన్నీ చదవాలనుకుంటే ఎవరి వల్లా కాదు. ఎదురుగా కూర్చున్న రోగికి అక్కరకొచ్చే ఒక్క పేపరును వెతికి పట్టుకుని, దాన్ని నిలదీసి చదవడం నేర్చుకుంటే చాలు. నాకు పనికొచ్చిన పాఠాలు ఇవి.

1. ప్రశ్న ముందు, ఫోను తర్వాత

చెరకు నరికే రోజుల్లో పాముకాటు కేసులు వస్తాయి. “పాముకాటుకు ఏం చెయ్యాలి?” అని వెతికితే వేల పేపర్లు వచ్చి పడతాయి, ఒక్కటీ పనికిరాదు. ప్రశ్నను బిగించాలి. విషానికి విరుగుడు ఎక్కించే ముందు రియాక్షన్ రాకుండా ఎవిల్, హైడ్రోకార్టిజోన్ ఇవ్వడం చాలాచోట్ల అలవాటు. అవి నిజంగా రియాక్షన్‌ను ఆపుతాయా? ఎడ్రినలిన్ ఇస్తే నయమా? ఇదీ వెతకదగ్గ ప్రశ్న. ఇందులో నాలుగు ముక్కలున్నాయి: ఎవరికి, ఏమిస్తే, దేనితో పోలిస్తే, ఏ ఫలితం. ఈ నాలుగూ మందుల చీటీ వెనకైనా సరే రాసుకుని, అప్పుడు ఫోను తియ్యండి.

2. వెతుకులాట పైనుంచి కిందికి

మా రోజుల్లో విశాఖ వెళ్లి, ఆంధ్ర మెడికల్ కాలేజీ లైబ్రరీలో ‘ఇండెక్స్ మెడికస్’ లావుపాటి సంపుటాలు తిరగేసేవాళ్లం. 1997 నుంచి పబ్‌మెడ్ అందరికీ ఉచితం. 2007లో ఐసీఎంఆర్ దేశమంతటి తరఫునా చందా కట్టి కాక్రేన్ లైబ్రరీని అందుబాటులోకి తెచ్చింది. ముందు జాతీయ మార్గదర్శకాలు, ఆ తర్వాత అన్ని ట్రయల్స్‌నూ కలిపి తూచిన క్రమబద్ధ సమీక్షలు, అక్కడా దొరక్కపోతే విడి ట్రయల్స్. ఈ వరసలో వెళ్తే శ్రమ సగం తగ్గుతుంది. పబ్‌మెడ్‌లోని ‘క్లినికల్ క్వెరీస్’ జల్లెడ వాడండి. మందు బ్రాండు పేరుతో కాకుండా అసలు పేరుతో వెతకండి. ఏఐ ఏదైనా పేపరు పేరు చెబితే, అది పబ్‌మెడ్‌లో ఉందో లేదో చూడకుండా నమ్మకండి. లేని పేపర్లను కూడా అది నమ్మకంగా చెప్పేస్తుంది.

పాముకాటు ప్రశ్నకు జవాబు 2011లో శ్రీలంక నుంచి వచ్చింది, ‘ప్లాస్ మెడిసిన్’లో. 1,007 మంది రోగులను లాటరీ పద్ధతిలో విడదీసి చూశారు. విరుగుడుకు ముందు తక్కువ మోతాదులో ఇచ్చిన ఎడ్రినలిన్, మొదటి గంటలో తీవ్రమైన రియాక్షన్లను 43 శాతం తగ్గించింది. ఎవిల్ కోవకే చెందిన ప్రోమెథజీన్ గానీ, హైడ్రోకార్టిజోన్ గానీ వాటిని తగ్గించలేదు. పైగా హైడ్రోకార్టిజోన్ కలిపితే ఎడ్రినలిన్ వల్ల వచ్చిన మేలు కూడా పోయింది.

3. రంగు చూసి బేరం కుదుర్చుకోవద్దు

అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మ తళతళలాడుతుంటే, ఇందులో హైడ్రోస్ ఎంత కలిపారో అని తెలిసినవాడు అనుమానిస్తాడు. పేపరు మొదట్లో ఉండే సారాంశమూ అంతే. రచయితలు తమకు నచ్చిన ఫలితాన్ని అక్కడ ముందుకు తెస్తారు. నేను ముందు చదివేది ‘మెథడ్స్’ భాగం. రోగులను ఎలా విడదీశారు? ఎవరికి ఏ మందు వెళ్లిందో డాక్టరుకూ రోగికీ తెలుసా? మధ్యలో ఎంతమంది జారిపోయారు? వాళ్లనూ లెక్కలో కలిపారా? డబ్బు ఎవరిచ్చారు? వీటికి జవాబు దొరకని పేపరుకు ముగింపు ఎంత ఘనంగా ఉన్నా పక్కన పెట్టేస్తాను.

4. పోలిక ఎవరితోనో చూడండి

నా దృష్టిలో దీనికి హైదరాబాద్ విటమిన్-ఎ ట్రయల్‌ను మించిన పాఠం లేదు. 1990లో దక్షిణాది నుంచి రెండు పెద్ద ట్రయల్స్ వెలువడ్డాయి. రెండింటిలోనూ పదిహేను వేలకు పైగా చిన్నపిల్లలున్నారు. తమిళనాడులో జరిగినదాంట్లో పిల్లలకు వారం వారం చిన్న మోతాదులో విటమిన్-ఎ ఇస్తే మరణాలు 54 శాతం తగ్గాయి. మన జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్ల పెద్ద మోతాదు ఇచ్చారు. విటమిన్ అందిన గుంపులోనూ, ప్లసీబో అందిన గుంపులోనూ మరణాలు దాదాపు సమానమే.

ఏది నిజం? రెండూ నిజమే. మోతాదు వేరు, ఇచ్చిన తీరు వేరు, పిల్లల స్థితిగతులు వేరు. హైదరాబాద్ పేపర్లో ఇంకో విషయం ఉంది. విటమిన్ అయినా ప్లసీబో అయినా ఒక్క మోతాదు కూడా అందని పిల్లల్లోనే మరణాలు అన్నిటికంటే ఎక్కువ. ఆరోగ్య కార్యకర్తకు అందని ఇంటి బిడ్డకు ఆపదలు వేరే దారుల్లో కూడా వస్తాయి మరి. పోల్చడానికి ప్లసీబో గుంపే లేకుండా, మందు వేసుకున్నవాళ్లనూ వేసుకోనివాళ్లనూ మాత్రమే ఎంచి ఉంటే, ఆ ఘనతంతా విటమిన్‌కే దక్కేది. “మా మందు వాడినవాళ్లు ఎక్కువ కాలం బతికారు” అని ఎవరైనా అంటే నాకు ఈ పిల్లలే గుర్తొస్తారు.

కథ అక్కడితో ఆగలేదు. ఉత్తరప్రదేశ్‌లో పది లక్షల మంది పిల్లలతో జరిగిన ‘దేవతా’ ట్రయల్ 2013లో అచ్చయింది. మరణాల్లో తగ్గుదల 4 శాతమే, అది కూడా కేవలం యాదృచ్ఛికం కావచ్చు. ఒక్క ట్రయల్ చూసి జీవితాంతానికి సరిపడా అభిప్రాయం ఏర్పరచుకోవద్దని అందుకే చెబుతాను.

5. శాతాన్ని తలల్లోకి మార్చండి

హైవే ప్రమాదాల్లో రక్తం పోయి వచ్చేవాళ్లకు ట్రనెక్సామిక్ యాసిడ్ ఇవ్వాలని చెప్పిన ‘క్రాష్-2’ ట్రయల్ 2010లో వచ్చింది. 40 దేశాల్లో 20,211 మంది. మందు ఇవ్వని గుంపులో నూటికి 16 మంది చనిపోతే, ఇచ్చిన గుంపులో 14.5 మంది. “మరణాలు 9 శాతం తగ్గాయి” అన్నా అదే లెక్క, “67 మందికి ఇస్తే ఒకరు బతుకుతారు” అన్నా అదే లెక్క. రెండోది నాకు అర్థమవుతుంది, రోగి కొడుక్కీ అర్థమవుతుంది. చవకైన మందుకు 67 మందిలో ఒక ప్రాణం అంటే గొప్ప లాభమే. అయితే దెబ్బ తగిలిన మూడు గంటల్లోపు ఇవ్వాలనీ, అది దాటితే కీడు జరగవచ్చనీ ఏడాది తర్వాత వచ్చిన విశ్లేషణ చూపింది. పెద్దాసుపత్రికి పంపేలోపు మన దగ్గర గడిచే నిమిషాల విలువ ఈ లెక్క తెలిసినవాడికే తెలుస్తుంది.

6. ఈసీజీ బాగుపడితే మనిషి బాగుపడినట్టేనా?

గుండెపోటు వచ్చినవాళ్లలో లయ తప్పిన గుండె స్పందనలను అణిచే మందులు ఒకప్పుడు విరివిగా రాసేవారు. మందు వేస్తే ఈసీజీ శుభ్రంగా కనిపించేది. ‘కాస్ట్’ అనే అమెరికా ట్రయల్ ప్రాణాలను లెక్కపెట్టింది. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ వాడిన 755 మందిలో 63 మంది చనిపోయారు, ప్లసీబో వాడిన 743 మందిలో 26 మందే. మెడికల్ రెప్ చూపించే గ్రాఫులో ఏదో ఒక గీత దిగుతూ ఉంటుంది. ఆ గీత దిగితే రోగి ఎక్కువ కాలం బతికాడా, కాలు దక్కిందా, డయాలసిస్ తప్పిందా అని అడగండి.

7. పత్రిక పేరు పూచీకత్తు కాదు

2020 మే 22న ‘లాన్సెట్’లో 96 వేల మంది కోవిడ్ రోగుల లెక్కలంటూ హైడ్రాక్సీక్లోరోక్విన్ మేలు చెయ్యదనే పేపరు వచ్చింది. మూల లెక్కలు చూపించమంటే చూపించలేకపోయారు. జూన్ 4న వెనక్కి తీసుకున్నారు. ఆ మందు మరణాలను తగ్గించదని తర్వాత బ్రిటన్‌లో ‘రికవరీ’ ట్రయల్ తేల్చింది. అంతమాత్రాన మొదటి పేపరు నమ్మదగినదైపోదు.

అదే ఏడాది అక్టోబరులో మన ఐసీఎంఆర్ 39 ఆసుపత్రుల్లో 464 మందిపై చేసిన ప్లాస్మా ట్రయల్ ‘బీఎంజే’లో వచ్చింది. ప్లాస్మా జబ్బు ముదరడాన్నీ మరణాలనూ తగ్గించలేదు. అయినా రెండో వేవ్‌లో కూడా ప్లాస్మా దాతల కోసం వాట్సాప్‌లో వేడుకోళ్లు నడిచాయి. జాతీయ మార్గదర్శకాల నుంచి దాన్ని తీసేసింది 2021 మేలో. జవాబు ఉన్నా, వెతికి చదివేవాళ్లు లేకపోతే ఇలాగే జరుగుతుంది.

ఇంకో పని చెయ్యండి. మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే సీటీఆర్‌ఐ 2007 నుంచి ఉంది. ట్రయల్ మొదలుపెట్టినప్పుడు ఏం కొలుస్తామన్నారో, చివరికి ఏం అచ్చువేశారో పక్కపక్కన పెట్టి చూడండి.

8. ట్రయల్‌లో లేనివాళ్లే మన బెంచీ మీద ఉంటారు

శ్రీలంక ట్రయల్‌లో వాడింది ఇండియాలో తయారైన విరుగుడే కాబట్టి అది మనకు దగ్గరి సాక్ష్యం. కానీ ఎడ్రినలిన్ ఇవ్వకూడని పరిస్థితి ఉన్నవాళ్లను అందులో చేర్చుకోలేదు. గుండె జబ్బున్న ముసలి రైతు పాము కరిచి వస్తే ఆ 43 శాతం ఆయనకు ఉన్నపళంగా వర్తించదు. అక్కడ పేపరు పక్కన మన బుద్ధి కూడా పనిచెయ్యాలి. మందు ధర, మళ్లీ రాగల దూరం, పోయే కూలి కూడా లెక్కలోకి వస్తాయి.

9. సొంత వైద్యాన్నీ బోనెక్కించండి

మహారాష్ట్రలో మహాడ్ అనే చిన్న ఊళ్లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ఎర్రతేలు కాటుకు ప్రాజోసిన్ వాడి ఎందరో ప్రాణాలు కాపాడారు, ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నారు. అక్కడితో ఆగి ఉండవచ్చు. కానీ ఒక్క ప్రాజోసిన్ మేలా, దానికి తేలువిషం విరుగుడు కూడా కలిపితే మేలా అని 70 మందితో లాటరీ వేసి చూశారు. పది గంటల్లో కోలుకున్నవాళ్లు ప్రాజోసిన్ ఒక్కటే ఇచ్చిన గుంపులో 23 శాతం, రెండూ ఇచ్చిన గుంపులో 91 శాతం. 2011లో ‘బీఎంజే’లో దాన్ని ఆయనే ప్రకటించారు. తనకు పేరు తెచ్చిన మందు ఒక్కటే చాలదని తన చేత్తోనే రాశారు.

ఊళ్లో డాక్టరుకు రీసెర్చి ఎందుకని అడిగేవాళ్లకు నేను చూపించేది ఈ పేపరే. ఈ వారం మీరు అలవాటుగా రాసే మందు ఒకటి ఎంచుకోండి. నాలుగు ముక్కల్లో ప్రశ్న రాసి వెతకండి. సాక్ష్యం దొరికితే ధైర్యంగా రాయండి, దొరక్కపోతే రాయడం మానండి.