చదరపు పంచ్‌కు గుండ్రని పట్టు

ప్రశ్న: మా షెడ్డులో చదరపు ఒళ్లున్న సెంటర్ పంచ్‌లు మొద్దుబారాయి. డ్రిల్ చక్‌లో బిగించి సానపెడితే మొన పక్కకు పోతోంది. ఎలా పట్టుకోవాలి?

జవాబు: ఆ చక్‌కు దవడలు మూడే. నాలుగు పలకల పంచ్ అందులో నడిమధ్యన కూర్చోదు. నాలుగు దవడల లేత్ చక్ ఉంటే సరే, లేకపోతే ఇనుప బుష్ ఒకటి చేయించుకోండి. 8 మి.మీ. పలకకు మూల నుంచి మూలకు లెక్కలో 11.3 మి.మీ. వస్తుంది. కానీ మూలలు కాస్త కొట్టేసి ఉంటాయి, అందుకే కొలిచి చూశాకే రంధ్రం తీయించండి. పంచ్ వదులు లేకుండా దూరాలి. కదలకుండా పక్కన చిన్న స్క్రూ చాలు.

గ్రైండర్ ముందు చెక్కలో 'వి' గాడి చేసి బిగించి, అందులో బుష్‌ను వేళ్లతో నిదానంగా తిప్పండి. సెంటర్ పంచ్ మొన 90 డిగ్రీలు కావాలంటే, పంచ్ రాతికి 45 డిగ్రీల వాలులో ఉండాలి.

అసలు జాగ్రత్త వేడి దగ్గర. మొన నీలం తిరిగిందంటే పదును దిగిపోయినట్టే, తొలి దెబ్బకే నలుగుతుంది. తేలిగ్గా తాకించండి, మాటిమాటికీ నీళ్లలో ముంచండి. కళ్లద్దాలు తప్పనిసరి. సుత్తి దెబ్బలకు తల పువ్వులా విచ్చుకుని ఉంటే ఆ అంచులూ ఇప్పుడే అరగదీయండి, ముక్క ఎగిరితే కంటికే ప్రమాదం.